స్కాన్ నార్మల్ అయితే మరి మందులెందుకు?

బెంగళూరు హోసూరు రోడ్డులో, మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్ గేటు దగ్గర కాసేపు నిలబడితే తెలుగు చెవిన పడకపోదు. అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్లు, చంకలో మెదడు స్కాన్ తాలూకు పెద్ద కవరు. "అంతా బాగానే ఉందన్నారు, మరి మావాడికి చెవిలో ఆ మాటలేంటి, ఇన్నేళ్లు మందులేంటి?" అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం దాదాపు వందేళ్ల నుంచి నలుగుతోంది.

1920ల్లో జర్మనీలో వెన్నులోంచి ద్రవం లాగి, బదులుగా గాలి ఎక్కించి మెదడుకి ఎక్స్‌రే తీసేవాళ్లు. ఘోరమైన తలనొప్పి వచ్చేది. ఎవరూ లేకుండానే మాటలు వినపడటం లాంటివి ఉండే మానసిక జబ్బు స్కిజోఫ్రీనియా. అది ఉన్న కొందరిలో మెదడు లోపలి ద్రవపు గదులు పెద్దవిగా ఉన్నాయని 1927లోనే రాశారు, కానీ పోల్చి చూద్దామంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లను అంత బాధ ఎలా పెడతారు? తర్వాత తల్లి పెంపకమే ఈ జబ్బు తెచ్చిందని నిందించిన కాలం కూడా ఒకటి నడిచింది (పాపం ఆ తల్లులు). 1976లో లండన్‌లో ఈవ్ జాన్‌స్టోన్, టిమ్ క్రో బృందం సీటీ స్కాన్‌తో స్కిజోఫ్రీనియా ఉన్న 17 మందిని పరీక్షించి ఆ గదుల మాటే మళ్లీ చెప్పింది.

అసలు చిక్కు 1990లో అమెరికాలో చేసిన కవలల అధ్యయనంలో బయటపడుతుంది. ఒకే పోలిక కవలలు, 15 జతలు, ప్రతి జతలో ఒకరికే జబ్బు. ఎంఆర్‌ఐ బొమ్మలు పక్కపక్కన పెడితే 12 జతల్లో జబ్బున్నది ఎవరికో కంటితో చూసే గుర్తుపట్టేశారు. మరి పక్కన పెట్టడానికి కవల లేకపోతే? మామూలు మనుషుల్లోనే ఆ గదులు ఒక్కొక్కరికి ఒక్కో సైజు, అందుకే విడిగా ఒక్కరి స్కాన్ చూసి స్కిజోఫ్రీనియా ఉందనీ, లేదనీ చెప్పలేరు. నార్మల్ అంటే గడ్డ, వాపు, బద్దెపురుగు తిత్తి లాంటివి కనపడలేదని, అంతే.

చికిత్సకి నిజంగా పనికొచ్చింది నా లెక్కలో పెట్ స్కాన్, అంటే కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం ఎక్కించి తీసే స్కాన్. మెదడులో డోపమైన్ అనే రసాయనం అతుక్కునే చోట్లను, అంటే డీ2 గ్రాహకాలను, మందు ఎంత మేర పట్టుకుందో అది చూపించింది. స్కిజోఫ్రీనియాకి వాడే హాలోపెరిడాల్ అనే మందు మీద 2000లో వచ్చిన అధ్యయనంలో 65 శాతం దాటితే గుణం కనపడింది, 78 శాతం దాటితే ఒళ్లు బిగుసుకుపోవడం, వణుకు లాంటివి మొదలయ్యాయి. డోసు పెంచినకొద్దీ జబ్బు ఇంకా తగ్గుతుందనే పాత నమ్మకం దాంతో సడలింది. అందుకని మావాడు చేతులు ఊపకుండా కొయ్యలా నడుస్తున్నాడు అనిపిస్తే ఇంకో స్కాన్ తీయమని పట్టుబట్టడం కంటే, మందు మనంతట మనం ఆపకుండా, ఆ నడక సంగతి డాక్టరుకి చెప్పి డోసు గురించి అడగడం మేలు.