లినక్స్‌లో ఆట నత్తనడక నడుస్తోందా? అపోహలు - వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో కంప్యూటర్లు బాగుచేయడం నా వృత్తి. విండోస్ బదులు వాడే లినక్స్‌లో ఆటలు సరిగా ఆడటం లేదని వచ్చే కుర్రాళ్లలో చాలామంది జేబులో అప్పటికే ఒక పెన్‌డ్రైవ్ సిద్ధంగా ఉంటుంది. దానిలో ఇంకో రకం లినక్స్!

అపోహ: ఉబుంటు అనే లినక్స్ రకం తీసేసి మరొకటి వేస్తే వేగం పెరుగుతుంది.

వాస్తవం: పేర్లు వేరైనా లోపలి కెర్నెల్ (లినక్స్ గుండెకాయ), మెసా డ్రైవర్లు (గ్రాఫిక్స్‌ను నడిపేవి) దాదాపు ఒకటే. ఈమధ్యే విడుదలైన ఏఎండీ గ్రాఫిక్స్ కార్డు కొన్నవారికి మాత్రం కొత్త కెర్నెల్, కొత్త మెసా కావాలి. మిగతావారికి ఇల్లు మారినంత శ్రమ, ఫలితం శూన్యం.

అపోహ: ఖరీదైన కార్డు పెట్టాం కనుక బొమ్మ గీసేది అదే.

వాస్తవం: నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడే తేలిపోతాయి. ముందు క్యాబినెట్ వెనక్కి వెళ్లి చూడండి. మానిటర్ కేబుల్ కార్డుకు కాక మదర్‌బోర్డుకు గుచ్చి ఉంటే, ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ పద్ధతి వాడే ఆటలు మామూలుగా ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీదే నడుస్తాయి. కేబుల్ సరిగానే ఉందా? అయితే టెర్మినల్‌లో జీఎల్ఎక్స్ఇన్ఫో (glxinfo) నడిపి, రెండరర్ (renderer) అన్న వరుస చదవండి. అక్కడ ఎల్ఎల్‌వీఎంపైప్ (llvmpipe) అని కనిపిస్తే కార్డు ఖాళీగా కూర్చుంది, బొమ్మలన్నీ ప్రాసెసర్ ఒక్కటే గీస్తోందని అర్థం.

ఎన్విడియా కార్డులది ఇంకో కథ. జీటీఎక్స్ 900, 10 వరుసల కార్డులు లినక్స్‌తో వచ్చే నూవో డ్రైవర్‌తో నడిస్తే, కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) అడ్డు వల్ల, కంప్యూటర్ ఆన్ చేసినప్పటి తక్కువ వేగంలోనే ఉండిపోతాయి. ఎన్విడియా సొంత డ్రైవర్ వేసుకోక తప్పదు. అది వేశాక కూడా మార్పు లేదంటే సెక్యూర్ బూట్‌ను (నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను ఆపే రక్షణ) అనుమానించండి. ఉబుంటులో డ్రైవర్ వేశాక మొదటిసారి రీస్టార్ట్ చేసినప్పుడు ఒక నీలి తెర వస్తుంది. అక్కడ ఆ డ్రైవర్ సంతకాన్ని నమ్మమని చెప్పే తాళంచెవిని (కీ) నమోదు చేసి, ముందు పెట్టుకున్న పాస్‌వర్డ్ ఇవ్వాలి. మనవాళ్లు ఏదో తప్పు జరిగిందని కంగారుపడి దాటేస్తారు. దాంతో డ్రైవర్ డిస్కులో ఉంటుంది గానీ పనిలోకి దిగదు.

అపోహ: విండోస్ ఆటలు లినక్స్‌లో సగం వేగంతోనే నడుస్తాయి.

వాస్తవం: వాల్వ్ సంస్థ 2018లో తెచ్చిన, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్, ప్రాసెసర్‌ను అనుకరించదు. దానిలోని డీఎక్స్‌వీకే, విండోస్ ఆటలు వాడే డైరెక్ట్‌త్రీడీ గ్రాఫిక్స్ ఆదేశాలను లినక్స్‌కు తెలిసిన వల్కన్ ఆదేశాల్లోకి మారుస్తుంది. చాలా ఆటల్లో తేడా కొద్దిపాటిదే. కొత్త ఆట మొదట్లో తడబడేది షేడర్లు (రంగులు, వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతున్నందుకు. తయారైనవి డిస్కులో దాచి ఉంటాయి. శుభ్రం చేద్దామని ఆ నిల్వను వారం వారం తుడిచేసేవారిని చూశాను. వారికి తడబాటు వారం వారం కొత్తదే.

అపోహ: గేమ్‌మోడ్ అనే ప్రోగ్రాం వేస్తే చాలు.

వాస్తవం: ప్రాసెసర్ పొదుపు పద్ధతిలో నిద్రపోతుంటే తట్టి లేపుతుంది. కారణం వేరైతే దానికి పనే లేదు.

ర్యామ్ గురించి ఒక్క మాట: 16 జీబీ ఒకే ముక్కగా కంటే 8 జీబీవి రెండు మేలు. విడిగా కార్డు లేనివారికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

అపోహ: పది నిమిషాలు బాగా ఆడి తర్వాత చతికిలపడితే అది సాఫ్ట్‌వేర్ లోపం.

వాస్తవం: ముందు వేడిని చూడాలి. మ్యాంగోహడ్ వేసుకుంటే ఫ్రేములు, ఉష్ణోగ్రత, ప్రాసెసర్ వేగం ఆట మీదే కనిపిస్తాయి. ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరకు చేరి, వేగం పడిపోతుంటే ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటోందన్నమాట.

మొన్న మే నెలలో మిర్చి కమీషన్ వ్యాపారి ఒకాయన కొడుకు క్యాబినెట్ తెచ్చారు. "మా వాడు మూడుసార్లు ఏదో ఎక్కించాడండీ, లాభం లేదు" అన్నారు. మూత తీశాను. ఫ్యాను రెక్కల మీద ఎర్రటి పొర. ఆయన, నేను, పక్క కొట్టువాడు వరుసగా తుమ్మాం. ముక్కుకు గుడ్డ కట్టుకుని దుమ్ము ఊది, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చాను. ఎక్కించిన లినక్స్ జోలికి వెళ్లలేదు. కంప్యూటర్ ఇప్పుడు కొట్టులో లేదు, ఇంటి మేడమీదకు మారింది.