మత్తు సూదితో మొదలైన బిల్లు: ఈసీటీ ఖర్చు, బీమా వెనుక కథ

చిత్తూరు, తిరుపతి వైపు దీన్ని ఇప్పటికీ 'కరెంటు పెట్టడం' అనే అంటారు. డాక్టరు ఈసీటీ (తలకు కొద్దిగా కరెంటు ఇచ్చి మూర్ఛ తెప్పించే మానసిక చికిత్స) అనగానే ఇంటిల్లిపాదికీ ముందు భయం, ఆ వెంటనే డబ్బుల లెక్క. ఆ లెక్కలో కరెంటు వాటా చాలా తక్కువ.

1938లో రోమ్‌లో చెర్లెట్టి, బినీ అనే డాక్టర్లు దీన్ని మొదలుపెట్టినప్పుడు మత్తు లేదు. యంత్రం ఒకటి, గట్టిగా పట్టుకునే మనుషులు ఉంటే పని అయిపోయేది. మూర్ఛ బలానికి కొందరికి వెన్నుపూసలు విరిగేవి. 1950లలో సక్సినైల్‌కోలిన్ వచ్చాక కండరాలను సడలించి, మత్తులో ఉంచి చేసే పద్ధతి కుదురుకుంది. ఎముకలు దక్కాయి, బిల్లు పెరిగింది. మన దేశంలో మత్తు డాక్టరు దొరకని చోట్ల పాత పద్ధతే దశాబ్దాలపాటు నడిచింది. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 తన 95వ సెక్షన్‌తో దాన్ని నిషేధించింది.

అందుకే ఇప్పటి బిల్లులో ఎక్కువ భాగం మత్తు చుట్టూ తిరిగేదే: ముందస్తు ఈసీజీ, రక్తపరీక్షలు, థయోపెంటోన్ లేదా ప్రొపొఫాల్ మత్తు మందు, ఆక్సిజన్, మత్తు డాక్టరు ఫీజు, తెలివి వచ్చేదాకా మంచం. సాధారణంగా వారానికి 2 లేదా 3 చొప్పున 6 నుంచి 12 సిట్టింగులు పడతాయి. మత్తుకు కడుపు ఖాళీగా ఉండాలి కాబట్టి ఉదయం టిఫిన్ తినిపించి తీసుకొస్తే ఆ రోజు సిట్టింగ్ వాయిదా. లోరాజెపామ్ లాంటి ఆందోళన తగ్గించే మాత్రలు తగ్గించకపోతే మూర్ఛ సరిగ్గా రాదు. అలా మూర్ఛ రాకపోయినా ఇచ్చిన మత్తుకు మాత్రం డబ్బు కట్టాల్సిందే.

బీమా సంగతికొస్తే, అదే 2017 చట్టంలోని 21(4) సెక్షన్ మానసిక జబ్బుకూ శరీర జబ్బుకూ ఒకే కొలత పెట్టమంది. 2018 ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకు ఆ మాటే రాసింది. అయినా తిరస్కరణలు ఆగలేదు. 2021లో ఢిల్లీ హైకోర్టు ఒక పాలసీదారు పక్షాన తీర్పిచ్చింది. 2022 అక్టోబరులో ఐఆర్‌డీఏఐ మళ్లీ గడువు పెట్టి చెప్పాల్సి వచ్చింది. నాలుగేళ్లలో ఒకే మాట రెండుసార్లు!

ఇప్పుడు తగాదా జబ్బు గురించి తక్కువ, మంచం గురించి ఎక్కువ. పాలసీలు 24 గంటల అడ్మిషన్ చూసి డబ్బిస్తాయి. ఈసీటీ మనిషి పొద్దున వచ్చి మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు. కాగితం మీద 'ఓపీ' అని పడితే క్లెయిం దాదాపు పోయినట్టే. డే కేర్ నిర్వచనంలో మత్తు ఇచ్చి 24 గంటల లోపు చేసే చికిత్స అన్న మాట ఉంటుంది కాబట్టి, బిల్లు పెంచిన ఆ మత్తే ఇక్కడ ఆధారం. ప్రతి సిట్టింగుకూ డే కేర్ అడ్మిషన్, అనస్థీషియా రికార్డు, జబ్బు కోడ్ (ఉదాహరణకు భ్రమలతో కూడిన తీవ్ర డిప్రెషన్‌కు ఎఫ్32.3) రాయించుకోవాలి. మొదటి మూడు నాలుగు సిట్టింగులు అడ్మిట్ చేసి ఇస్తే, మిగతావి డిశ్చార్జి తర్వాతి ఖర్చు కింద అడిగి చూడొచ్చు. చాలా పాలసీల్లో దానికి 60 రోజులు ఉంటాయి.

ఇంకో సంగతి. ఆ చట్టంలోని 94వ సెక్షన్ ప్రకారం ఈసీటీ అత్యవసర చికిత్స కిందికి రాదు. సమ్మతి లేకుండా పెట్టకూడదు. అంటే ఇది ముందే తేదీ అనుకుని చేసేది. క్యాష్‌లెస్ అర్జీ రెండు రోజుల ముందే పంపడం మేలు. పాత ఓపీ చీటీలు దాచి పాలసీ తీసుకుంటే అక్కడే దొరికిపోతారు. నిజం చెప్పినా పాత జబ్బుకు వెయిటింగ్ 2024 నుంచి 36 నెలలు మించకూడదు.

చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ వారి బాగాయం మానసిక వైద్య కేంద్రానికి, పలమనేరు వైపు నుంచి బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లేవాళ్లు ఎక్కువ. రాష్ట్రం దాటాక ఎన్టీఆర్ వైద్యసేవ అన్నింటికీ వర్తిస్తుందని అనుకోకండి, బస్సెక్కక ముందే ఆస్పత్రిలో ఆ పథకం తరఫున సాయం చేసే వైద్యమిత్రను అడగండి. తోడు వచ్చేవాళ్ల కూలి, బస్సు చార్జీలు పాలసీలు సాధారణంగా ఇవ్వవు.

క్లెయిం కొట్టేస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా తగాదాలు తీర్చే హైదరాబాద్ బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోపు పంపాలి.