ర్యామ్ మీద పడే నిందలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

సిస్టమ్ ఉన్నట్టుండి ఆగిపోతోందని ఎవరైనా కంప్యూటర్ తెస్తే నేను ముందు స్క్రూడ్రైవర్ తీయను. "ఏం చేస్తుండగా ఆగింది? ప్రతిసారీ అదే పనిలోనా?" అని అడుగుతాను. సగం రోగం ఆ జవాబులోనే బయటపడుతుంది. అయితే చాలామంది నా దాకా వచ్చేసరికే ఓ నిర్ణయానికి వచ్చేసి ఉంటారు. ర్యామ్ (పని జరుగుతుండగా కంప్యూటర్ డేటాను తాత్కాలికంగా పెట్టుకునే మెమరీ) పోయిందనో, ర్యామ్ బ్రహ్మాండంగా ఉందనో. రెండూ తొందరపాటే.

అపోహ: బ్లూ స్క్రీన్‌లో (విండోస్ కుప్పకూలినప్పుడు ఎర్రర్ కోడ్‌తో వచ్చే తెర) "మెమరీ" అని కనిపిస్తే ర్యామ్ పోయినట్టే.

వాస్తవం: "మెమరీ మేనేజ్‌మెంట్" అని వచ్చిందంటే, విండోస్ తన మెమరీ లెక్కల్లో ఏదో తేడా పట్టుకుందని అర్థం. ఆ తేడా ర్యామ్ వల్ల రావచ్చు, సరిగా రాయని డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రామ్) వల్ల రావచ్చు, చెడిపోతున్న డిస్క్ వల్లా రావచ్చు. ఒక కోడ్ చూసి ఏమీ తేల్చలేం, నాలుగైదు క్రాష్‌లు పక్కపక్కన పెట్టి చూడాలి. ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరు కనిపిస్తుంటే ముందు దాని సంగతి చూడండి. ఇవాళ ఒక కోడ్, రేపు ఇంకోటి, ఎల్లుండి ఉత్తినే బ్రౌజర్ ట్యాబ్ మూసుకుపోవడం, ఇలా ఒకదానికొకటి పొంతన లేకపోతే అప్పుడు నా చూపు ర్యామ్ మీదికి వెళుతుంది.

నేను బాగా నమ్మే గుర్తు ఇంకొకటి ఉంది. పెద్ద జిప్ ఫైల్ విప్పితే "ఫైల్ పాడైంది" అంటుంది. అదే ఫైల్‌ను మళ్లీ విప్పితే చక్కగా వచ్చేస్తుంది. ఫైల్ మారలేదు, డిస్క్ మారలేదు. మెమరీలో అది కూర్చున్న చోటు మాత్రం మారింది.

అపోహ: ఒకసారి ఫార్మాట్ కొడితే అంతా సర్దుకుంటుంది.

వాస్తవం: చెడ్డ ర్యామ్‌తో విండోస్ ఎక్కిస్తే, ఎక్కే ఫైళ్లే తప్పుగా ఎక్కొచ్చు. బ్యాకప్‌కూ ఇదే ప్రమాదం: కాపీ అయ్యే ప్రతి ఫైలూ ఆ ర్యామ్ గుండానే పోవాలి కదా. ముందు అనుమానం ఉన్న స్టిక్ (స్లాట్‌లో గుచ్చే ర్యామ్ పలక) తీసేసి, ఆ తర్వాత బ్యాకప్ తీయండి.

అపోహ: విండోస్ టెస్ట్‌లో ఏమీ రాలేదు కాబట్టి ర్యామ్ బాగానే ఉంది.

వాస్తవం: నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఈ అపోహే. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ మామూలుగా "స్టాండర్డ్" పరీక్షను 2 సార్లు నడిపి ఊరుకుంటుంది. ఎఫ్1 నొక్కి "ఎక్స్‌టెండెడ్" ఎంచుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. అందులో ఎర్రర్ వస్తే నమ్మొచ్చు. రాకపోతే మాత్రం నేను సంతోషించను.

నేను ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 గానీ మెమ్‌టెస్ట్86 ప్లస్ గానీ పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతోనే బూట్ చేస్తాను. విండోస్ లేవదు కాబట్టి దాదాపు మెమరీ మొత్తం పరీక్షకు దొరుకుతుంది. రాత్రి పెట్టి పొద్దున చూస్తాను. కొన్ని స్టిక్‌లు చల్లగా ఉన్నంతసేపు బుద్ధిగా ఉండి, వేడెక్కాక తప్పులు మొదలుపెడతాయి. మొదటి పాస్ (పరీక్షల పూర్తి చుట్టు ఒకటి) శుభ్రంగా ఉండి మూడో పాస్‌లో తప్పులు చూపే ఎర్ర గీతలు రావడం నాకు మామూలే. "వందల కోట్ల సార్లు చదివితే ఒక్క తప్పే కదా" అంటారు. ఒక్కటి కూడా ఎక్కువే.

గీతలు వచ్చాక లెక్కపెట్టి వదిలేయకండి, చదవండి. ఏం రాసింది, తిరిగి ఏం వచ్చింది, ఏ బిట్ (0 లేదా 1) తేడా పడింది, ఏ అడ్రస్‌లో (మెమరీలో ఏ చోట), అన్నీ అక్కడే ఉంటాయి. తేడా చూపే కాలమ్‌లో వరుసగా 00000400, 00000400, 00000400 అని వస్తూ అడ్రస్‌లు మారుతున్నాయనుకోండి. ఎప్పుడూ అదే బిట్ తప్పుతోంది. అంటే స్టిక్ మీద ఒక చిప్పో, ఆ బిట్‌ను మోసే దారిలో ఒక కాంటాక్టో తేడాగా ఉండొచ్చు. ఎప్పుడూ ఒకే అడ్రస్ దగ్గర తప్పితే ఆ చోట సెల్ పోయినట్టు. బిట్లూ అడ్రస్‌లూ చెల్లాచెదురుగా వస్తే స్పీడు, వోల్టేజీల మీద అనుమానం పెట్టుకుంటాను.

అపోహ: టెస్ట్‌లో ఎర్రర్ వచ్చింది, ఇక ఆ స్టిక్ పారేయాల్సిందే.

వాస్తవం: టెస్ట్ చెప్పేది రాసినదీ చదివినదీ ఒకటి కాలేదని మాత్రమే. మధ్యలో స్టిక్ ఉంది, స్లాట్ ఉంది, బోర్డు మీద సిగ్నల్ మోసే దారులున్నాయి, ప్రాసెసర్ లోపల మెమరీ కంట్రోలర్ (ర్యామ్‌తో రాయించి చదివే భాగం) ఉంది. తప్పు ఎక్కడైనా ఉండొచ్చు.

ముందు బయోస్‌లోకి (విండోస్ లేవకముందే తెరిచే సెట్టింగ్‌లు) వెళ్లి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్ స్పీడు పెంచే సెట్టింగ్‌లు) ఆపేయండి. డబ్బా మీద స్పీడు 3600 అని రాసి ఉన్న డీడీఆర్4 (ర్యామ్‌లో ఒక తరం) స్టిక్ మామూలుగా 2133 దగ్గరో 2400 దగ్గరో లేస్తుంది. పైస్పీడు ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తేనే వస్తుంది, దానికి వోల్టేజీ కూడా ప్రామాణికమైన 1.2 వోల్టుల నుంచి తరచుగా 1.35కి పెరుగుతుంది. నిజానికి అది ఓవర్‌క్లాకింగే (ప్రామాణిక స్పీడును మించి నడపడం). ఆపాక ఎర్రర్లు పోతే స్టిక్ చచ్చిపోలేదన్నమాట, ఆ స్పీడు ఆ స్టిక్‌కూ బోర్డుకూ పడట్లేదు. నాలుగు స్లాట్లూ నింపినచోట ఇది మరీ ఎక్కువ.

అప్పటికీ వస్తుంటే ఒక్కో స్టిక్‌ను విడిగా, ఒకే స్లాట్‌లో పరీక్షించండి. తర్వాత బాగున్న స్టిక్‌ను ఒక్కో స్లాట్‌లో. విసుగు పుట్టే పనే, దీనికి అడ్డదారి లేదు. ఒకసారి నా దగ్గరికి వచ్చిన సిస్టమ్‌లో అప్పటికే రెండుసార్లు ర్యామ్ మార్చారు, అయినా క్రాష్‌లు ఆగలేదు. ఏ స్టిక్ పెట్టినా ఒక వైపు స్లాట్‌లలోనే ఎర్రర్లు. బోర్డు పోయిందనే అనుకున్నాను. ఊరికే చూద్దామని ప్రాసెసర్ మీది కూలర్ ఊడదీస్తే ఒక మూల స్క్రూ బిర్రుగా, ఎదురు మూల వదులుగా ఉంది. ప్రాసెసర్ తీసి మళ్లీ కూర్చోబెట్టి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాను. ఆ రాత్రి నాలుగు పాస్‌లూ శుభ్రం. సాకెట్‌లో పిన్నుల మీద ఒత్తిడి సమంగా పడకపోతే ఒక మెమరీ ఛానల్ (ప్రాసెసర్‌కూ కొన్ని స్లాట్‌లకూ మధ్య దారి) మొత్తం తిక్కగా ప్రవర్తించగలదు. ఆ రెండు జతల ర్యామ్‌కూ జబ్బేమీ లేదు పాపం.

అపోహ: పెన్సిల్ రబ్బరుతో రుద్దితే బాగవుతుంది.

వాస్తవం: బాగైన సందర్భాలు ఉన్నాయి, కాదనను. చాలాసార్లు పని చేసింది రబ్బరు కాదు, తీసి మళ్లీ పెట్టడం. బంగారు పూత చాలా పల్చన, రుద్దితే అరుగుతుంది, పొడి స్లాట్‌లో పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని గుడ్డతో తుడిస్తే చాలు. ముందు ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలడం మర్చిపోకండి.

అపోహ: డీడీఆర్4 తర్వాతి తరమైన డీడీఆర్5లో ఈసీసీ (తప్పులు పట్టి సవరించే ఏర్పాటు) ఉంది, ఇక ఎర్రర్ల గొడవే లేదు.

వాస్తవం: డీడీఆర్5లో ఉన్నది చిప్ లోపల జరిగే సవరణ. చిప్ దాటి ప్రాసెసర్‌కు వచ్చే దారిలో పడే తప్పును అది చూడలేదు. సర్వర్లలో వాడే అసలు ఈసీసీ వేరు.

అపోహ: అప్పుడప్పుడు వచ్చే ఎర్రర్లు అంతరిక్ష కిరణాల పని, పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: కిరణాలు బిట్‌ను తిప్పడం నిజమే. కానీ గూగుల్ సర్వర్ల మీద జరిపి 2009లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, ఎర్రర్లలో ఎక్కువ భాగం ఇలా దారినపోయేవి కాదని, హార్డ్‌వేర్ లోపాల నుంచే వచ్చాయని తేలింది. మీ ఇంటి మెషీన్‌లో వారానికి మూడు క్రాష్‌లు వస్తుంటే ఆకాశం వైపు చూడకండి.

స్టిక్ మార్చాల్సే వస్తే కొత్తదాన్ని కూడా ఒక రాత్రి పరీక్షకు పెట్టండి. డబ్బా విప్పిన రోజే ఎర్రర్లు చూపించినవి నా చేతుల్లోంచి వెళ్లాయి. ఆ తర్వాత విండోస్‌లో సిస్టమ్ ఫైల్ చెకర్ (విండోస్ ఫైళ్లను సరిచూసే పనిముట్టు) కూడా నడపండి, పాత ర్యామ్ పాడుచేసిపోయిన ఫైళ్లు ఇంకా డిస్క్ మీదే ఉండొచ్చు.