కలెక్టర్ సంతకం పెడితే పనైపోయినట్టేనా? సర్కారు అధికారాలపై అపోహలు – వాస్తవాలు

అపోహ: "కలెక్టర్ సారు తలుచుకుంటే మన భూమి మనకొస్తది."

నల్లగొండ అయినా మహబూబ్‌నగర్ అయినా, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణి క్యూలో తరచూ వినిపించే మాట ఇది. రెవెన్యూ అధికారులు రికార్డు సరిచేయగలరు. ఇద్దరు కొట్లాడుకుంటున్న భూమికి అసలు హక్కుదారు ఎవరో తేల్చడం మాత్రం సివిల్ కోర్టు పని. అందుకే "న్యాయం చేయగలరు" అని ముగిసే అర్జీ, "సివిల్ కోర్టును ఆశ్రయించగలరు" అన్న ఎండార్స్‌మెంటుతో (ఆఫీసు రాసిచ్చే జవాబుతో) తిరిగొస్తుంది.

ఆ ఆఫీసు చేయగల పనినే అడగండి. హద్దుల పేచీ అయితే మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి సర్వే అడగాలి. తండ్రి పోయాక పేరు మారాలంటే విరాసత్ (వారసత్వ మార్పు) అడగాలి. పట్టా భూమి పొరపాటున రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద రిజిస్ట్రేషన్లు ఆపే నిషేధిత జాబితాలో పడితే దాన్ని తీసేయమని అడగాలి. సర్వే నంబరు, ఎకరాలు-గుంటల్లో విస్తీర్ణం రాసి, పాత పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు) నకలు జతచేయండి. ఒకే కాగితంలో మూడు గొడవలు కలిపి రాస్తే అది మూడు టేబుళ్లు తిరిగి ఎక్కడా తేలదు. రసీదు నంబరు చేతికి రాకుండా బయటికి రావద్దు.

అపోహ: "జీవో వచ్చిందంటే అదే చట్టం."

ఎక్కువ తికమక ఇక్కడే. జీవో అంటే ప్రభుత్వ ఉత్తర్వు, దాని బలం వెనకున్న చట్టానిది. మన దగ్గరి రెండు ఉదాహరణలు పక్కపక్కన పెడితే సంగతి అర్థమవుతుంది.

2016 అక్టోబర్ 11న ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల జిల్లాలు పుట్టాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో వచ్చింది. ఒక్కో జిల్లాకు అసెంబ్లీలో ఒక్కో బిల్లు పెట్టారనుకునేవాళ్లు చాలామంది. అలా జరగలేదు. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం సెక్షన్ 3 ఆ అధికారాన్ని ముందే ప్రభుత్వానికి ఇచ్చింది: ముసాయిదా నోటిఫికేషన్, అభ్యంతరాలకు 30 రోజులు, ఆపైన తుది నోటిఫికేషన్. మా మండలం ఫలానా జిల్లాలో వద్దు అనుకునేవాళ్లకు ఆ 30 రోజులే అసలు గడువు. తర్వాత చేసే ధర్నాకు చట్టంలో చోటు లేదు, రాజకీయంగా పనిచేస్తే చేయొచ్చు.

ఇక జీవో 123. 2015లో ప్రాజెక్టులకు భూములు నేరుగా కొనడానికి తెచ్చారు, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకూ వాడారు. అప్పటికే 2013 భూసేకరణ చట్టం ఉంది. భూమి లేని కూలీలకూ అందులో వాటా ఉంది, జీవోలో లేదు. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు పోయింది, ఆఖరికి అదే ఏడాది డిసెంబర్‌లో సవరణ బిల్లుతో అసెంబ్లీకి రావాల్సి వచ్చింది. చట్టం మాట్లాడని చోట ప్రభుత్వం రాజ్యాంగం ఆర్టికల్ 162 కింద సొంతంగా అడుగు వేయొచ్చు. చట్టం మాట్లాడాక దాన్ని దాటలేదు.

కాబట్టి జీవో చేతికొస్తే కింద సంతకం కంటే ముందు పైన చూడండి: ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇచ్చారు, ఏ పాత ఉత్తర్వులను ప్రస్తావించారు. "గవర్నర్ పేరు మీద" అని ఉంటే గవర్నర్ నిర్ణయించారని కాదు. ఆర్టికల్ 166 ప్రకారం ప్రభుత్వ ఉత్తర్వులన్నీ ఆ పేరుతోనే వెళ్తాయి, సంతకం శాఖ కార్యదర్శిది. శాఖ నుంచి వచ్చే మెమో ఇంకా కిందిది: జీవోను వివరించగలదు, మార్చలేదు.

అపోహ: "ఎమ్మెల్యే చెప్తే తాసిల్దార్ చేయాల్సిందే."

ఎమ్మెల్యే శాసనసభ మనిషి. మంత్రి అయితే తప్ప కార్యనిర్వాహక వర్గంలో లేరు. ఆ లెటర్‌హెడ్ సిఫారసే, ఆర్డరు కాదు. రేపు ఆడిట్‌లోనో కోర్టులోనో జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టిన తాసిల్దారే.

అపోహ: "బైండోవర్ అంటే పోలీసు కేసు, శిక్ష పడ్డట్టే."

ఎన్నికలొస్తే ఊళ్లలో ఈ భయం మొదలవుతుంది. బైండోవర్ శిక్ష కాదు, శాంతిగా ఉంటానని రాసిచ్చే బాండు. దాన్ని రాయించుకునే తాసిల్దార్‌కు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ హోదా ఉంటుంది. పాత సీఆర్‌పీసీ 107 స్థానంలో 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతికి కొత్త చట్టం) సెక్షన్ 126 అమల్లో ఉంది, దాని కింద బాండు గరిష్ఠంగా ఏడాది. సెక్షన్ 130 నోటీసులో అందిన సమాచారం సారాంశం, బాండు మొత్తం, గడువు, జామీనుదారుల సంఖ్య రాసి ఉండాలి. పదిమందికీ ఒకే అచ్చు నోటీసు ఇచ్చి, పేర్లు మాత్రం మార్చి, విచారణ లేకుండా సంతకాలు తీసుకుంటే అది కోర్టులో నిలవడం కష్టం. మాట తప్పితే మాత్రం బాండు డబ్బు జప్తు, జైలు కూడా ఉన్నాయి. తేలిగ్గా తీసుకోవద్దు. ఆర్డరు మీద అప్పీలు కలెక్టర్‌కు కాదు, సెక్షన్ 414 కింద సెషన్స్ కోర్టుకు.