శ్రీశైలం రోడ్డు: డ్యామ్ తెచ్చిన రద్దీ, అడవి మోస్తున్న బరువు

శ్రీశైలం దారిలో నల్లమల అడవి అంచునున్న మన్ననూరు చెక్‌పోస్టులో, జంతువుల కోసం రాత్రి తొమ్మిదికి గేటు పడుతుంది. మళ్లీ లేపేది పొద్దున ఆరుకే. ఆలస్యమైనవాళ్లు సీటు వెనక్కి వాల్చి కార్లలోనే కునుకు తీస్తారు. ఈ ఇబ్బంది తీరాలంటే అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్ (స్తంభాల మీద సాగే రోడ్డు) కట్టాలన్న ప్రతిపాదనతో హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మళ్లీ చర్చకొచ్చింది.

కాలినడక యాత్రలు, నిజాం వేటల సంగతి అందరికీ తెలిసిందే. ఈ దారి తలరాత మారింది మాత్రం 1963 జులైలో, శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు. డ్యామ్ పనులకు లారీలు నడిచాయి. కృష్ణకు కుడివైపు సున్నిపెంట, ఎడమవైపు ఈగలపెంట ప్రాజెక్టు కాలనీలయ్యాయి. నది మీద వంతెన పడ్డాక కడ్తాల్, ఆమనగల్లు, డిండి, మన్ననూరు, దోమలపెంట మీదుగా నేరుగా గుడికి చేరే వీలు కలిగింది. ప్రాజెక్టు అవసరం తీరినా రద్దీ తగ్గలేదు, ఏటేటా పెరిగింది.

ఇక్కడ వరస గమనించాలి. ఈ అడవిని అభయారణ్యంగా ప్రకటించింది 1978లో, ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చింది 1983లో. అంటే రక్షణ వచ్చేసరికే లారీలు తిరుగుతున్నాయి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. రాష్ట్ర రహదారేమో జాతీయ రహదారి 765 అయింది. ఒకే నేలకు రెండు హోదాలు. ఒకటి వేగం కోరేది, ఇంకోటి నిశ్శబ్దం కోరేది.

కారిడార్ కావాలనేవాళ్ల వాదన సూటిగానే ఉంది: కింద జంతువులు, పైన బండ్లు, రాత్రి నిషేధం అక్కర్లేదు. కానీ స్తంభాలు గాల్లోంచి దిగవు. పునాదులు తవ్వాలి, క్రేన్లు తిరగాలి, వాటికి దారి కోసం చెట్లు కొట్టాలి. ఏళ్ల తరబడి ఆ మోత పులి వినాలి. ఇప్పుడు రాత్రిపూట తొమ్మిది గంటలపాటు దానికి దొరికే ప్రశాంతత పోతుంది. పులుల సంరక్షణ పేరుతో పెంటలు (అడవిలోని తమ గూడేలు) వదలమని చెంచులకు నచ్చజెబుతున్న చోటే ఇంత భారీ నిర్మాణం చేపడతామంటే వాళ్లకేం జవాబు చెబుతారు? పైన కార్లు దూసుకుపోతే, ఈ రోడ్డు పక్కనే అడవిలో ఉన్న వటవర్లపల్లి జనం బస్సెక్కేది ఎక్కడ, దిగేది ఎక్కడ? టెండర్ల దాకా వెళ్లకముందే ఆ ఊళ్లో కూర్చుని ఈ సంగతి తేల్చాలి.