అపోహలు - వాస్తవాలు: బడిలో డిజిటల్ బోర్డు, ఇంట్లో ఫోన్, నడుమ మన పిల్లలు

దేవరకొండ దిక్కు ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కల సారుని నేను. డిజిటల్ బోర్డులు, యాప్‌లు, ఇప్పుడు కొత్తగా ఏఐ, అన్నీ మా క్లాసుల్లోకి వచ్చినయి, వాటెంబడి అనుమానాలు కూడా వచ్చినయి. పేరెంట్స్ మీటింగ్‌లో ఒకరు ఫోన్ అంటే దయ్యం అన్నట్టు మాట్లాడతరు, ఇంకొకరు ట్యాబ్ కొనిస్తే బాసర ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చినట్టే అనుకుంటరు. స్టాఫ్ రూమ్‌లో మా సార్లు, మేడమ్‌లు కూడా తక్కువేం కాదు. నేను తరచుగా వినేటియి కొన్ని ఇక్కడ రాస్తున్న, కొన్నిటి గురించి ఎక్కువ, కొన్నిటికి రెండు ముక్కలే సరిపోతయి.

అపోహ: వీడియో చూసిండు కదా, ఇగ అర్థమైనట్టే

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే అని నా అభిప్రాయం. యూట్యూబ్‌లో తెలుగులో లెక్కలు చెప్పేటోళ్లు మస్తు మంది ఉన్నరు, కొందరు నిజంగా బాగా చెప్తరు. పిల్లగాడు చూస్తడు, తల ఊపుతడు, సార్ చేసిన ప్రతి స్టెప్పూ కరెక్టే అనిపిస్తది. వీడియో బంద్ చేసి అదే లెక్క, అంకెలు కూడా మార్చకుండ, తెల్ల కాగితం మీద చెయ్యమంటే రెండో స్టెప్పు కాడ ఆగిపోతడు. వాడు అబద్ధం చెప్పలే, వాడికి నిజంగానే అర్థమైనట్టు అనిపించింది. ఇంకొకడు చేస్తుంటే చూసి "అవును" అనుకునుడు వేరే పని, ఏమీ చూడకుండ మనంతట మనం గుర్తు తెచ్చుకొని చేసుడు వేరే పని, పరీక్షలో కావాల్సింది రెండోది.

2006లో రోడిగర్, కార్పికే అని ఇద్దరు అమెరికా సైకాలజీ పరిశోధకులు దీన్ని పరీక్ష పెట్టి మరీ చూసిన్రు. కొందరు విద్యార్థులతోని పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించిన్రు, ఇంకొందరితోని ఒకసారి చదివించి, పుస్తకం మూసి గుర్తున్నది రాయించిన్రు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినోళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారు, మూసి రాసినోళ్లకే ఎక్కువ గుర్తుంది. మన వీడియోల సంగతి కూడా అంతే, చూసిన రోజు అంతా వచ్చినట్టే ఉంటది, వారం తర్వాత స్లిప్ టెస్ట్ పెడితే బండారం బయట పడతది.

అందుకే నా క్లాసులో వీడియో ఎప్పుడూ నిండుగ నడవదు. సగంలో ఆపుత, "ఇప్పుడు ఈ సార్ ఏం చేస్తడు?" అని అడుగుత, పిల్లలు నోట్‌బుక్‌లో రాసినంకనే మళ్లీ ప్లే నొక్కుత. ఇంట్లో చదువు రాని అమ్మానాన్న కూడా ఇది చెయ్యొచ్చు, పాఠం తెల్వాల్సిన పని లేదు, వీడియో ఆపి "ఏదీ, ఇప్పుడు నువ్వు చేసి చూపియ్యి బిడ్డా" అంటే చాలు.

అపోహ: డిజిటల్ చదువు కరోనాతోటి వచ్చింది, అంతకుముందు పల్లెటూర్లకు ఏం తెల్వదు

1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఉపగ్రహంతోని పల్లెలకు టీవీ పాఠాలు పంపే సైట్ అని ఒక ప్రయోగం నడిచింది. నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం, మన ఇస్రో వాళ్ల పని, ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊర్లల్ల టీవీలు. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, పొద్దున బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దోళ్లకు వ్యవసాయం, ఆరోగ్యం ముచ్చట్లు. ఏడాది కాంగనే నాసా వాళ్లు తమ ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకున్నరు, అయిపోయింది. తర్వాత 2004లో చదువుల కోసం ఎడ్యుశాట్ అనే ఉపగ్రహం పైకి పోయింది, 2017లో మన రాష్ట్ర సర్కారు చదువుల టీవీ టీశాట్ వచ్చింది, 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు వచ్చినయి, ఆ రోజుల్లో టీవీ లేని పిల్లలు పక్కింట్ల కూసొని విన్నరు.

మిషన్ వచ్చిన ప్రతిసారీ ఇగ చదువుల రాత మారిపోతదనే అన్నరు. మిషన్ వచ్చినంక దాన్ని ఎవరు బాగు చెయ్యాలె, పాఠం అయినంక పిల్లగాని అనుమానం ఎవరు తీర్చాలె అన్న ప్రశ్న మాత్రం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

అపోహ: ట్యాబ్ చేతికిస్తే చదువు బాగుపడతది

లాటిన్ అమెరికాలో పెరూ దేశం పల్లె బడుల పిల్లలకు పెద్ద ఎత్తున ల్యాప్‌టాప్‌లు పంచింది. 2012లో దాని మీద వచ్చిన అధ్యయనంలో కంప్యూటర్ వాడకం పెరిగింది గని లెక్కల్లో, భాషలో మార్కులు మాత్రం పెరగలేదని తేలింది. ఇది చూపెట్టి "చూసిన్రా, టెక్నాలజీ వేస్ట్" అనేటోళ్లున్నరు. ఆగండి, ఇంకోటి కూడా ఉంది.

ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్, ఇంకో ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. మిడిల్ స్కూల్ పిల్లలను లాటరీ తీసి కొందరికి, బడి అయినంక ఆ సాఫ్ట్‌వేర్ నడిచే సెంటర్‌లో సీటు ఇచ్చిన్రు. నాలుగున్నర నెలలు తిరిగేసరికి సీటు దొరికినోళ్లు లెక్కల్లో, హిందీలో దొరకనోళ్ల కంటే బాగా ముందుకు పోయిన్రు. అక్కడ తేడా ఎక్కడుందంటే, ఆ సాఫ్ట్‌వేర్ పిల్లగాడు ఏ క్లాసు అని చూడదు, వాడికి ఏం వచ్చో ముందు పరీక్ష పెట్టి చూసి అక్కడి నుంచి మొదలు పెడతది. ఆ ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర క్లాసులు వెనక ఉన్నరని కూడా అదే అధ్యయనం చెప్పింది. పైగా సెంటర్‌లో చిన్న చిన్న గ్రూపులకు మనిషి కూడా ఉండి చెప్పిండు, ఒక్క కంప్యూటర్‌కే వదిలెయ్యలే.

నా ఎనిమిదో తరగతిలో భాగహారం రాని పిల్లలు, ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాసి ఏడాదికి 12,000 స్కాలర్‌షిప్ కొట్టాలని చూసే పిల్లలు ఒకే బెంచి మీద కూసుంటరు. బోర్డు మీద నేను ఏ పాఠం చెప్పినా అది కొందరికి ఎత్తు, కొందరికి లొట్టపీసు. వలసకు పోయి మధ్యలో వచ్చే పిల్లలుంటరు, తండాల నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో మాట్లాడేది లంబాడీ, వాళ్లకు తెలుగు పాఠమే రెండో భాష, ఇప్పుడు దాని పక్క పేజీలో ఇంగ్లిషు. అలాంటప్పుడు ఎవడికి ఏది రాదో నాకు తొందరగా చూపెట్టే మిషన్ ఏదైనా ఉంటే నాకు కావాలె, ఎనిమిదో తరగతి సిలబస్‌ని రంగుల బొమ్మలతోటి మళ్లీ చూపెట్టే మిషన్ మాత్రం భాగహారం రాని పిల్లకు ఎందుకూ పనికిరాదు. ఇంకో మాట, దీనికి మిషనే ఉండాలని కూడా లేదు. 2022లో మన రాష్ట్రం ప్రైమరీ బడుల్లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమంలో పిల్లల స్థాయి చూసి చెప్పుడు అనే ఆలోచనే ఉంది, మిషన్ లేకుండ.

అపోహ: ఈ కాలం పిల్లలు పుట్టుకతోనే టెక్నాలజీ నేర్చుకొని వస్తరు

రీల్స్ తిప్పుడు, పాస్‌వర్డ్ పెట్టిన ఫోన్ తెరుచుడు, దీంట్ల మన పోరగాళ్లను మించినోళ్లు లేరు, ఒప్పుకుంట. పల్లె పిల్లల చదువుల మీద చేసే అసర్ 2024 సర్వేలో దేశవ్యాప్తంగా పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడుడు వచ్చని తేలింది. వాళ్లల్ల ముందు వారంలో చదువు కోసం వాడినోళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినోళ్లు 76 శాతం.

ఇప్పుడు అసలు సంగతి. ఎంసెట్, ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నరు కదా, 2018 నుంచి కంప్యూటర్ మీదనే రాయాలె. జేఈఈ మెయిన్ కూడా అంతే. డిగ్రీ సీటు కావాలంటే దోస్త్‌లో ఆన్‌లైన్, స్కాలర్‌షిప్‌కు ఈపాస్ ఆన్‌లైన్. మా దగ్గర పది పాసై ఇంటర్ చదివిన పిల్ల నల్గొండకు పోయి ఆ పరీక్ష సెంటర్‌లో మౌస్ పట్టుకునుడే మొదటిసారి అయితే ఎట్ల? ఫోన్ మీద వేలు తిప్పుడు అలవాటైన పిల్లకు మౌస్ స్క్రోల్ చేసి, ప్రశ్న చదివి, పక్కన కాగితం మీద లెక్క చేసి, ఆప్షన్ నొక్కి, సేవ్ చేసి ముందుకు పోవుడు ఒక అలవాటు, అది ముందే కావాలె. నెట్ సెంటర్ ఆయన ఫారం నింపితే పైసలు తీసుకుంటడు, సరే, కానీ వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని కోరుకునేటియి, కూడా ఆయనే పెట్టినప్పుడు పిల్లకు ఎక్కడి సీటో వచ్చి, ఇంట్లో ఏడుపులు అయినయి నేను చూసిన. బడిలో పది పాత కంప్యూటర్లు నడుస్తున్నా సరే, ఎప్‌సెట్ వెబ్‌సైట్‌లో మాక్ టెస్ట్ ఫ్రీగా ఉంటది, పిల్లలతోని అది రాయించండి. తొమ్మిది, పది పిల్లలకు సొంతంగా ఒక మెయిల్ ఐడీ, దాని పాస్‌వర్డ్ ఒక నోట్‌బుక్‌లో, ఒక ఫైల్ జత చేసి పంపుడు, ఇవి నేర్పితే కోడింగ్ క్లాస్ కంటే ముందు పనికొస్తయి.

అపోహ: డిజిటల్ బోర్డు వచ్చింది, చాక్‌పీస్ పని ఖతం

కరెంటు పోయిన రోజు తెలుస్తది ఎవరి పని ఖతమో. వెక్కిరింత కాదు, లెక్కను ఒక్కో స్టెప్పు రాసుకుంట పోయేటప్పుడు నల్లబోర్డు మీద పై స్టెప్పులన్నీ కనపడుతుంటయి, పిల్లల చూపు పైకీ కిందికీ తిరుగుతది, నాకు అదే ఇష్టం. కానీ పదో తరగతిలో వృత్తానికి స్పర్శరేఖలు చెప్పేటప్పుడు జియోజీబ్రా అనే లెక్కల బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో బిందువును వేలితోటి జరిపితే, ఛేదన రేఖ రెండు బిందువులు దగ్గరై దగ్గరై ఒక్కటైపోయి స్పర్శరేఖ అయితది, క్లాసు మొత్తం "ఓ" అంటది. అది నల్లబోర్డు మీద నా వల్ల కాదు. సైన్స్ సార్లకైతే స్క్రీన్ మీదనే ప్రయోగం చేసి చూసే కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు ఉన్నయి, ఫ్రీ, ఒకసారి డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకున్నా నడుస్తయి. డిజిటల్ బోర్డు మీద పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరిచి చదివించే సార్లను చూసినప్పుడు మాత్రం నాకు నవ్వాలో ఏడ్వాలో తెల్వదు.

అపోహ: ఏఐ వచ్చింది, పిల్లలు ఇగ ఖరాబే

చాట్‌జీపీటీ 2022 నవంబర్‌లో వచ్చింది. ఆల్ ఇన్ వన్ గైడ్లు అంతకుముందు ఎన్నేండ్ల నుంచి ఉన్నయో మీకే తెలుసు, అప్పుడు కాపీ లేదా? కాబట్టి కాపీ అనే భయం పాతదే. కొత్త భయం వేరే ఉంది.

తుర్కియేలో ఒక హైస్కూల్లో వెయ్యి మంది దాక పిల్లలకు లెక్కల ప్రాక్టీస్‌లో ఏఐ ఇచ్చి చూసిన్రు, ఆ పేపర్ 2025లో అచ్చయింది. మామూలు చాట్‌జీపీటీ లాంటిది ఇచ్చినోళ్లకు ప్రాక్టీస్‌లో మార్కులు 48 శాతం పెరిగినయి. తర్వాత ఏఐ తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏఐ ముట్టనోళ్ల కంటే వీళ్లకు 17 శాతం తక్కువ వచ్చినయి. ఇంకో గుంపుకు జవాబు చెప్పకుండ హింట్లు మాత్రమే ఇచ్చేటట్టు, టీచర్లు తయారు చేసిన సూచనలతోటి ఏఐ ఇచ్చిన్రు, వాళ్లకు ఈ నష్టం దాదాపు లేదు. అంటే వీడియో కాడ చెప్పిన ముచ్చటే మళ్లీ ఇక్కడ, ఆలోచించే కష్టం ఎవరు పడ్డరన్నదే లెక్క.

తెలుగులో అడిగితే ఇంకో తిరకాసు. ఏఐ అంటే ఒక మాట వెనక ఏ మాట రావాలో అంచనా కట్టుకుంట రాసే మిషన్, నెట్‌లో తెలుగు తక్కువ కాబట్టి మన లెక్కల పదాలు అటూ ఇటూ చేస్తది, తప్పు చెప్పినా మస్తు ధీమాగా చెప్తది. నేను దాన్నే వాడుకుంటున్న. ఏఐ తప్పు చేసిన లెక్క ప్రింట్ తీసి "తప్పెక్కడుందో పట్టండి" అని ఇస్త, ఏఐని ఓడగొట్టాలని వెనక బెంచి పోరగాళ్లు కూడా పెన్ను పడతరు. హోంవర్క్ ఏఐతోటి రాసిండా లేదా అని కనిపెట్టే సాఫ్ట్‌వేర్లను నమ్ముకొని పిల్లలను దొంగలు చెయ్యకండి. చాట్‌జీపీటీని తెచ్చిన ఓపెన్ఏఐ వాళ్లు సొంతంగా చేసిన అట్లాంటి టూల్‌ను సరిగ్గా పట్టలేకపోతుందని 2023 జులైలో వాళ్లే ఎత్తేసిన్రు. అనుమానం ఉంటే బోర్డు కాడికి పిలిచి అదే లెక్క చెయ్యమను, అయిపాయె.

అపోహ: బ్లూ కట్ అద్దాలు పెట్టిస్తే ఎంతసేపు ఫోన్ చూసినా ఏం కాదు

వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్ష 2023లో వచ్చింది, ఈ అద్దాలతోటి కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదు. పిల్లలకు దూరంవి సరిగ్గ కనపడని సమస్య, అంటే మయోపియా, రాకుండ కొంత కాపాడేది ఎండలో, బయట ఆడుకునుడు. తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లలను రోజుకు 120 నిమిషాలు బయట తిప్పాలని ఒక కార్యక్రమం పెట్టిన్రు, ఏండ్ల తరబడి పెరుగుతున్న కంటి సమస్య తగ్గుముఖం పట్టింది. ఆటల పీరియడ్‌ను సిలబస్ కోసం గుంజుకునే సార్లు, అంటే మా లెక్కల సార్లే ముందుంటం, ఇది జర చదవాలె.

అపోహ: పిల్లల ఫొటో, వివరాలే కదా, యాప్‌లో ఇస్తే ఏమైతది

18 ఏళ్లలోపు పిల్లల డేటా తీసుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి ఉండాలె అని 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో రాసిన్రు. ఫ్రీ యాప్ పెట్టుకునేటప్పుడు కాంటాక్టులు, లొకేషన్ ఎందుకు అడుగుతుందో చూడండి, లెక్కల యాప్‌కు మీ ఊరు ఎక్కడుందో ఏం పని? పదో తరగతి హాల్ టికెట్ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుడు కూడా బంద్ చెయ్యండి, పేరు, నంబర్, ఫొటో అన్నీ దాని మీదనే ఉంటయి.

ఇగ అందరూ ఆఖర్న అడిగేది, "పిల్లకు ఫోన్ కొనాలా సార్, కొంటే ఏది?" పది దాకా సొంత ఫోన్ అక్కర్లేదు. ఇంట్లో పాత ఫోన్ ఉంటే సిమ్ తీసెయ్యండి, మెమరీ కార్డు వెయ్యండి, వైఫై ఉన్న కాడ పాఠాలు, పుస్తకాల పీడీఎఫ్‌లు దించి పెట్టండి. అమ్రాబాద్ అవతల చెంచు పెంటల, అంటే చెంచుల గూడేల దిక్కు సిగ్నల్ సరిగ్గ అందని కాడ కూడా ఇదే పద్ధతి పనికొస్తది. రాత్రి ఆ ఫోన్ పెద్దోళ్ల మంచం కాడ చార్జింగ్ పెట్టాలె, పిల్లల మంచం కాడ కాదు. ఆ కొత్త ఫోన్ పైసలల్ల కొన్ని ఉంటే ఒక మంచి టేబుల్, ఒక ట్యూబ్‌లైట్ కొనుండ్రి.