అనంతపురం బోరు నీళ్లు: అపోహలు - వాస్తవాలు

అనంతపురం జిల్లాలో బోరు నీళ్లను పరీక్షించడం నా పని. బాటిల్ బల్ల మీద పెడుతూనే చాలామంది అడిగేది ఒకటే: "ఈ నీళ్లతో కిడ్నీలో రాళ్లు వస్తాయా సార్?" పిల్లల పళ్ల గురించి అడిగేవారు అరుదు. నాకు బాధ కలిగేది అక్కడే.

అపోహ: గిన్నెలో తెల్లపొర కట్టే నీళ్లు కిడ్నీలోనూ రాళ్లు కడతాయి.

వాస్తవం: గిన్నెలోని పొర ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. కిడ్నీ రాళ్లలో ఎక్కువ కాల్షియం ఆక్సలేట్‌వి. వేరుశనగ చేలో రోజంతా ఎండలో ఉండి సరిపడా నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడుతుంది. రాళ్లకు అది పెద్ద కారణం. మన జాతీయ ప్రమాణం కఠినత్వాన్ని, అంటే నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలను, లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు, వేరే నీటి వసతి లేనిచోట 600 వరకు అనుమతిస్తుంది. పప్పు ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం ఇబ్బందులే కానీ రోగాలు కావు.

అపోహ: సబ్బు బాగా నురగ వస్తే మంచి నీళ్లే.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే నమ్మకం ఇది. మన నేల కింది గ్రానైట్ రాతి నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌తో కలిసి కరగని పదార్థంగా విడిపోతుంది. కాల్షియం తగ్గి, సోడియం, బైకార్బొనేట్ పెరిగిన నీళ్లలో ఫ్లోరైడ్ కరిగే ఉండిపోతుంది. కాల్షియం తక్కువైతే సబ్బు నురగ కూడా బాగా వస్తుంది. అంటే నురగ బాగా వచ్చే బోరులోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండవచ్చు. దానికి రంగు, వాసన ఉండవు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, 1.5 దాటితే తాగకూడదు. పసిపిల్లల చిగుళ్ల కింద శాశ్వత దంతాలు తయారయ్యే ఏళ్లలో ఈ నీళ్లు తాగిస్తే పడే గార ఎంత తోమినా పోదు. మోతాదు బాగా ఎక్కువై ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, వెన్నెముక బిగుసుకుపోతాయి.

అపోహ: మరగబెడితే ఫ్లోరైడ్ పోతుంది.

వాస్తవం: పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

అపోహ: టీడీఎస్ మీటరు అంకె తక్కువగా ఉంటే చాలు.

వాస్తవం: ఆ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పలేదు. ఆర్‌ఓ యంత్రం ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది, వెంట కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. రాగిసంగటి, పాలు ఉన్న ఇంట్లో కాల్షియం గురించి బెంగ అక్కర్లేదు. ఫ్లోరైడ్, లవణాలు హద్దులో ఉన్న బోరుకు మాత్రం ఆర్‌ఓ పెట్టి నీళ్లు వృథా చేయకండి.

పరీక్షకు తెచ్చేటప్పుడు మోటారును కొన్ని నిమిషాలు నడవనిచ్చి, అదే నీళ్లతో రెండుమూడు సార్లు కడిగిన ప్లాస్టిక్ బాటిల్‌లో లీటరు పట్టండి. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా కన్నా ప్లాస్టిక్‌దే మేలు. కఠినత్వంతో పాటు ఫ్లోరైడ్ కూడా చూడమని నోరు తెరిచి అడగండి.